ఫ్లోరెన్స్‌లో సాన్ మార్కో మ్యూజియం: అమ్మతో వెళ్ళిన ఒక పూట

ముందే చెప్పేస్తాను. ఫ్లోరెన్స్ వెళ్తున్నారా, ఒక్క పూట ఖాళీ ఉందా, అయితే మైకెలాంజెలో చెక్కిన దావీదు విగ్రహం దగ్గర క్యూ చూసి నీరసపడిపోకండి, అక్కడి నుంచి రెండు మూడు నిమిషాలు నడిస్తే సాన్ మార్కో అనే కూడలి వస్తుంది, అక్కడున్న పాత మఠమే ఇప్పుడు మ్యూజియం, దానికి వెళ్ళండి. నేను ఐదుకి ఐదు ఇస్తున్నాను. ఎందుకిస్తున్నానో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వెళ్ళేముందు తెలుగులో ఏమైనా దొరుకుతుందేమోనని నేను చాలా వెతికాను, ఏమీ దొరకలేదు.

మాది గుంటూరు జిల్లా, ఉండేది మ్యూనిక్‌లో. పాప పుట్టినప్పుడు అమ్మ వచ్చింది. వీసా మూడు నెలలే, ఆ మూడు నెలల్లో ఫిబ్రవరి పడింది. మన ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు, ఫిబ్రవరి 9, 10, 11 అంటే గుణదల మాత తిరునాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ ఏ ఏడూ ఆ కొండ ఎక్కకుండా ఉండలేదు. ఈసారి నా కోసం మానుకుంది. పైకి ఒక్క మాట అనలేదు కానీ పదకొండో తారీకు రోజంతా చేతిలో జపమాల వదల్లేదు, వంట చేస్తూ కూడా అది మణికట్టుకి చుట్టుకునే ఉంది. అది చూసి నాకు మనసు ఆగలేదు. ఫిబ్రవరి 18 ఫ్రా ఆంజెలికో పండుగ రోజు, సాన్ మార్కో గోడలమీద బొమ్మలు వేసిన సన్యాసి ఈయనే, ఆ తేదీకి దగ్గర్లో వచ్చేలా ఫ్లోరెన్స్ టికెట్లు బుక్ చేశాను.

అంతకుముందు నాలుగేళ్ళ క్రితం మా ఆయనా నేనూ ఒక టూర్ కంపెనీతో ఇటలీ తిరిగాం. పేరు అనవసరం. ఐదు రోజుల్లో ఆరు ఊళ్ళు చూపించారు, ఒక్కో గుడి దగ్గర దింపి ఇరవై నిమిషాల్లో బస్సు దగ్గరికి వచ్చేయమనేవాళ్ళు. బంగారు పూత, పాలరాతి స్తంభాలు, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు కప్పులు, వరసగా చూసుకుంటూ పోయాం. తిరిగొచ్చాక ఫోన్‌లో ఫొటోలు చూస్తే ఏది ఏ ఊళ్ళోదో తెలియలేదు. దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, అన్ని గుళ్ళు తిరిగి ఒక్కచోట కూడా నేను మోకరించలేదు. అప్పట్నుంచీ మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది: దేవుడి కోసమని మనుషులు కట్టిన ఇంత అందం నన్ను ప్రార్థన వైపు తీసుకెళ్ళకుండా అలిసిపోయేలా చేసిందేంటి అని. మన ఊళ్ళలో కూడా కొత్త గుడి కడుతున్నప్పుడు ఈ మాట వస్తుంది కదా, ఇంత ఖర్చు ఎందుకు, ఆ డబ్బు పేదలకి పెట్టొచ్చుగా అని. నేనూ అన్నాను ఆ మాట. ఇప్పటికీ అది తీసిపారేసే మాట అనుకోను.

సాన్ మార్కోకి వెళ్ళాక నాకు ఆ ప్రశ్న వేరే రకంగా కనిపించింది. అందుకే ఈ రివ్యూ.

ఫ్రా ఆంజెలికో గురించి కొంచెం తెలుసుకుని వెళ్తే మంచిది. అసలు పేరు గుయిదో ది పియెత్రో, ఫ్లోరెన్స్‌కి ఉత్తరాన ముజెల్లో ప్రాంతంలో పుట్టాడు. అప్పటికే చిత్రకారుడిగా పని చేస్తూ, ఫియెసోలేలో ఉన్న దోమినికన్ మఠంలో (పునీత దోమినిక్ స్థాపించిన సన్యాసుల సభ) చేరి ఫ్రా జొవాన్ని అయ్యాడు. ఫ్రా అంటే బ్రదర్. ఆంజెలికో అనేది జనం పెట్టుకున్న పేరు, దేవదూతలాంటివాడని. 1455 ఫిబ్రవరి 18న రోమ్‌లో చనిపోయాడు, సమాధి అక్కడే, సాంత మరియ సోప్ర మినెర్వ గుడిలో ఉంది. ఇటలీవాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా ఆయన్ని ధన్యుడనే (పునీతుడికి ముందు మెట్టు) పిలుస్తున్నారు కానీ తిరుసభ, అంటే క్యాథలిక్ చర్చి, అధికారికంగా ధన్యుడని ప్రకటించింది 1982లో, పోపు రెండవ జాన్ పాల్ గారి కాలంలో. 1984లో అదే పోపు గారు ఆయన్ని కళాకారుల సంరక్షకుడిగా (పేట్రన్) నిలబెట్టారు. ఆయన చనిపోయిన నూరేళ్ళకి చిత్రకారుల జీవితాలు రాసిన వసారి అనే ఆయన చెప్పినదాని ప్రకారం, ఫ్రా ఆంజెలికో ప్రార్థన చేయకుండా కుంచె పట్టుకునేవాడు కాదట, సిలువ మీది క్రీస్తును గీస్తున్నంతసేపూ కన్నీళ్ళు కారేవట. వసారి కొంచెం పెంచి రాసే మనిషని అంటారు. కానీ ఆ గదుల్లో నిలబడ్డాక నాకైతే ఆ మాట నమ్మబుద్ధయింది.

1436లో పోపు నాలుగవ యూజీన్ ఈ మఠాన్ని దోమినికన్లకి ఇప్పించాడు. భవనం పాడుబడి ఉండేది. కొసీమో దె మెదీచి అనే బ్యాంకు యజమాని, ఆ రోజుల్లో ఆ ఊరికి దాదాపు ఆయనే దొర, డబ్బు పెట్టాడు. మికెలొజ్జో అనే శిల్పి కట్టాడు. వడ్డీ వ్యాపారం అప్పటి తిరుసభ దృష్టిలో పాపం, ఆ భారం దించుకోవడానికే కొసీమో ఇంత ఖర్చు పెట్టాడని చరిత్ర రాసినవాళ్ళు అంటారు. మరి అలాంటి డబ్బుతో కట్టిన చోట ఇంత నిరాడంబరమైన బొమ్మలు ఎలా వచ్చాయి? ఎందుకంటే లోపల ఉండేవాళ్ళు కఠిన నియమం పాటించే దోమినికన్లు, బొమ్మలు వేసినవాడు వాళ్ళలోనే ఒకడు. వాళ్ళతో కలిసి అదే గంటకి లేచి అదే ప్రార్థన చేసేవాడు. పైన గదుల్లో బంగారం మెరిసిపోదు. తెల్లటి గోడ, మట్టిరంగులు, కొంచెం గులాబీ, కొంచెం ఆకుపచ్చ, అంతే.

టికెట్ విషయం. ఫ్లోరెన్స్ పెద్ద మ్యూజియాలతో పోలిస్తే దీని ధర తక్కువే. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి ఏ దేశం వాళ్ళకైనా ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో టికెట్ లేదు, ప్రతి నెలా మొదటి ఆదివారం అందరికీ ఉచితం. కానీ ఆ ఉచితం రోజున వెళ్ళకండి, జనం ఎక్కువ ఉంటారు, ఈ చోటు జనంలో చూసేది కాదు. ఇంకో ముఖ్యమైన మాట, మేం వెళ్ళినప్పుడు మధ్యాహ్నం రెండు కాకముందే మూసేసే పద్ధతి, అందుకని పొద్దున్నే వెళ్ళాలి, తేదీలూ సెలవులూ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. టికెట్ కూడా అక్కడే కొనండి. వేరే ఒక సైట్‌లో గైడ్ లేకుండానే ఇంచుమించు రెట్టింపు రేటు చూపించింది నాకు, కొద్దిలో కొనేసేదాన్ని. స్టేషన్ నుంచి పదిహేను నిమిషాల నడక. పాప కోసం స్ట్రోలర్ తీసుకెళ్ళలేదు, క్యారియర్‌లో కట్టుకుని వెళ్ళాం, అది మంచిదయింది, మెట్లున్నాయి, పైన గుమ్మాలు ఇరుకు. ఫిబ్రవరిలో లోపల చల్లగా ఉంటుంది, స్వెటర్ విప్పకండి.

లోపలికి వెళ్ళగానే చతురస్రంగా ఒక ముంగిలి, నాలుగువైపులా కమానులతో వరండా, మధ్యలో చెట్టు. అక్కడి నుంచి పక్కనున్న పెద్ద హాల్లోకి వెళ్తే ఆయన చెక్కమీద వేసిన పెద్ద పెద్ద చిత్రాలన్నీ ఉన్నాయి, గుళ్ళలో బలిపీఠాల మీద ఉండేవి. ఇవి మాత్రం బంగారంతో నిండి ఉంటాయి. సిలువ మీంచి యేసు దేహాన్ని దించుతున్న చిత్రం ఒకటుంది, దాని ముందు ఎక్కువసేపు నిలబడ్డాం, నిచ్చెనల మీదున్న మనుషులు ఆయన చేతుల్ని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారంటే నిద్రపోతున్న బిడ్డని ఒళ్ళోంచి మంచం మీదకి మారుస్తున్నట్టుంది. కానీ నా సలహా, ఈ హాల్లోనే ఓపికంతా ఖర్చు పెట్టేయకండి. మేం ముప్పావుగంట ఉండిపోయాం, తర్వాత అనిపించింది పావుగంట చాలని.

ముంగిలికి ఇంకో పక్క మఠవాసులు సమావేశమయ్యే గది. ఒక గోడ మొత్తం పెద్ద సిలువ చిత్రం. వెనక ఆకాశం ఎర్రగా, బూడిదరంగుగా ఏదోలా ఉంటుంది, మొదట నాకు అది కావాలని అలా వేశాడేమో, శుక్రవారం నాటి చీకటేమో అనిపించింది. కాదు, అక్కడ నీలం ఉండేది, రాలిపోయి అడుగున పూసిన ఎరుపు బయటపడింది.

ఎందుకు రాలిందో చెప్పాలంటే ఫ్రెస్కో అంటే ఏంటో చెప్పాలి. గోడమీద తడి సున్నం పూత వేసి, అది ఆరకముందే నీళ్ళలో కలిపిన రంగుతో బొమ్మ వేసేయాలి. సున్నం ఆరుతూ గాలిని పీల్చుకుని మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది, రంగు ఆ రాయిలో భాగమైపోతుంది. అందుకే ఆరువందల ఏళ్ళకి దగ్గరవుతున్నా నిలబడింది. ఒక రోజుకి ఎంత గీయగలడో అంతే పూత పూస్తారు, తప్పు పడితే దిద్దడం కుదరదు, ఆ ముక్క కొట్టేసి మళ్ళీ పూయాలి. కొన్ని రకాల నీలం మాత్రం తడి సున్నంలో పని చేయదు, ఆరాక పైన అంటించాలి, అదే కాలక్రమంలో ఊడిపోతుంది. ఇదంతా అమ్మకి చెప్తుంటే మధ్యలోనే అంది, "ముగ్గులాగే కదే, కళ్ళాపి తడి ఉండగా వేస్తే పట్టుకుంటుంది, ఎండాక వేస్తే గాలికి పోతుంది" అని. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఇక మెట్లు. సాన్ మార్కో అంటే ఈ మెట్లే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతోంది. మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి, మలుపు తిరిగి తలెత్తగానే పైన గోడమీద మంగళవార్త చిత్రం. యేసుకి తల్లివి కాబోతున్నావని మరియమ్మకి చెప్తున్న గబ్రియేలు దేవదూత. అంతకుముందు కనిపించదు, ఒక్కసారిగా కనిపిస్తుంది, ఆ తర్వాత మీరు ఎక్కే ప్రతి మెట్టుకీ కొంచెం దగ్గరవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పది సెకన్లలో ఎక్కేస్తారు. అమ్మకి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ ఆ బొమ్మని చూస్తూనే ఎక్కింది. నాకు అప్పుడు గుణదల కొండ గుర్తొచ్చింది, కింద నుంచి మాత గుహవైపు చూస్తూ మెట్లెక్కే జనం.

చిత్రంలో ఏముందంటే పెద్దగా ఏమీ లేదు. కింద మనం దాటొచ్చిన వరండాలాంటిదే ఒక వరండా, అవే కమానులు, అవే స్తంభాలు, అంటే ఆ మఠంలో ఉండేవాడికి ఇది ఎక్కడో నజరేతులో కాదు, మన ఇంట్లోనే జరుగుతోందని అనిపిస్తుంది. మరియమ్మ మామూలు చెక్కపీట మీద కూర్చుని ఉంది. సింహాసనం లేదు. వెనక చిన్న కటకటాల కిటికీ. ఎడమవైపు కంచె వేసిన పెరడు, గడ్డిలో పూలు. దూత మోకాలు వంచి ఇప్పుడే దిగినట్టున్నాడు, ఇద్దరూ చేతులు గుండెలమీద కట్టుకుని ఒకరికొకరు తల వంచారు. దూత రెక్కలు మాత్రం రంగురంగులు, పక్కకి జరిగి చూస్తే వాటిలో సన్నటి మెరుపు తగులుతుంది. మీరు కూడా ఒక అడుగు అటూ ఇటూ కదిలి చూడండి.

దాని కింద లాటిన్‌లో ఒక వాక్యం ఉంది. నిష్కళంక కన్యక రూపం ముందునుంచి వెళ్తున్నప్పుడు మంగళవార్త జపం చెప్పకుండా మౌనంగా దాటిపోకుండా చూసుకో అని దాని అర్థం. మఠవాసులు రోజుకి ఎన్నోసార్లు ఆ మెట్లెక్కి గదులకి పోయేవాళ్ళు, ప్రతిసారీ ఆగి చెప్పాలన్నమాట. నేను అర్థం చెప్పేలోపే అమ్మ మొదలుపెట్టేసింది. దేవవర ప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము, ఏలినవారు మీతో ఉన్నారు... చిన్న గొంతుతోనే. అక్కడ కూర్చున్న మ్యూజియం ఉద్యోగి ఒకామె మావైపు చూసి, ఏమీ అనకుండా కొంచెం తల వంచింది. నాలుగేళ్ళ క్రితం నాకు జరగనిది అక్కడ జరిగింది, నేనూ కలిసి చెప్పాను, చెప్తుంటే గొంతు పట్టేసింది.

ఆ పైన నలభైకి పైగా చిన్న గదులున్నాయి, వసారాకి రెండువైపులా. ఒక్కో గదీ మన ఇళ్ళలో పూజాసామాను పెట్టుకునే గది కన్నా కొంచెం పెద్దదేమో. కప్పు గుండ్రంగా వంగి ఉంటుంది, ఒక చిన్న కిటికీ, ఆ కిటికీ పక్కనే గోడమీద ఒక ఫ్రెస్కో. ఇంకేమీ లేదు. ఒక మఠవాసికి ఒక గది, ఒక గదికి ఒక చిత్రం. వెలుతురు వచ్చే కిటికీ ఒకటి, చిత్రం రెండో కిటికీ. 1438 ప్రాంతం నుంచి కొన్నేళ్ళపాటు ఫ్రా ఆంజెలికో, ఆయన దగ్గర పని చేసిన బెనోజ్జో గొజ్జోలి లాంటి సహాయకులూ కలిసి ఇవన్నీ వేశారు. అన్నీ ఒకే స్థాయిలో లేవు, నిజం చెప్పాలంటే కొన్ని గదుల్లో సహాయకుల చెయ్యి తెలిసిపోతుంది, ముఖాలు బిగుసుకుపోయినట్టుంటాయి. అయినా పర్లేదు.

అన్నీ చూసి తీరాలని పెట్టుకోకండి. గదుల నంబర్లు ఉంటాయి, ఒకటి, మూడు, ఆరు, ఏడు, ఈ నాలుగూ ఎంచుకుని ఒక్కోదాని ముందు పది నిమిషాలు ఉండండి. ఒకటో గదిలో పునరుత్థానం తర్వాత తోటలో యేసు, మగ్దల మరియమ్మ. యేసు భుజం మీద తోటమాలిలా పార ఉంది. గడ్డిలో పూలని ఎర్రటి చుక్కల్లా పెట్టాడు, యేసు పాదాల గాయాలు కూడా అలాంటి చుక్కలే, ఒకసారి చూశాక ఇంక విడదీసి చూడలేరు. ఆరులో రూపాంతరం, కొండమీద వెలిగిపోతున్న యేసు చేతులు రెండూ సిలువ మీద ఉన్నట్టే చాచి ఉంటాయి. మూడులో మళ్ళీ మంగళవార్తే, కానీ మెట్లమీద చూసిన దానికంటే ఇంకా తీసేశాడు, తోట లేదు, కిటికీ లేదు, దూత, మోకరించిన మరియమ్మ, ఖాళీ గోడ. దూత వెనక ఒక మూల తలమీద గాయంతో దోమినికన్ వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) పునీత పీటర్ చేతులు జోడించి చూస్తుంటాడు. అంటే ఆ గదిలో ఉన్నాయన ఆ పునీతుడి పక్కన నిలబడి తానూ చూడాలని.

ఏడో గది గురించి మాత్రం ఆగాలి. యేసుని సైనికులు గేలి చేసే ఘట్టం. మన సిలువ మార్గాల్లో, సినిమాల్లో చూసినట్టు సైనికులు, కొరడాలు, రక్తం, అరుపులు ఉంటాయనుకుని వెళ్తాం. ఒక్క సైనికుడు లేడు. తెల్లటి వస్త్రంలో యేసు కూర్చుని ఉన్నాడు, కళ్ళకి పలచటి గుడ్డ కట్టారు, దాని వెనక కళ్ళు కనిపిస్తుంటాయి. చుట్టూ గాలిలో చేతులు, వట్టి చేతులు, ఒకటి కొడుతోంది, ఒకటి కర్ర పట్టుకుంది. శరీరం లేకుండా ఒక తల ఉమ్మేస్తోంది. అంతే. కింద ఒక పక్క మరియమ్మ కూర్చుంది, కొడుకువైపు చూడటం లేదు, చూడలేక చెంపకి చెయ్యి ఆనించుకుని ఇటు తిరిగింది. ఇంకో పక్క పునీత దోమినిక్, ఒళ్ళో పుస్తకం, చదువుకుంటున్నాడు. మొదట నాకు కోపం వచ్చింది, పైన ఆయన్ని అలా కొడుతుంటే ఈయన చదువుకోవడమేంటని. కాసేపటికి తెలిసింది, ఆయన చదువుతున్నది పైన జరుగుతున్నదే. సువార్త చదువుతున్నాడు, చదువుతుంటే ఆ చేతులు ఆయన మనసులో కనిపిస్తున్నాయి, అందుకే వాటికి శరీరాల్లేవు. ధ్యానం చేసేవాడి తలలో ఏం జరుగుతుందో గీశాడన్నమాట. యేసు పడిన బాధల్ని తలుచుకుంటూ చెప్పే జపమాల దుఃఖ దేవరహస్యాలు నేను ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో, ఎప్పుడూ పెదాలతోనే. ఇలా చూడమని నాకు నేర్పినవాళ్ళు లేరు. ఆ గుమ్మంలో ఇరవై నిమిషాలు ఉన్నాను, పాప ఏడిస్తే మా ఆయన కిందకి తీసుకెళ్ళాడు.

అక్కడే అమ్మ అడిగింది, "ఈ బొమ్మ ఎవరి కోసం వేశారే?" అని. గదిలో ఉండే ఆయన కోసం అమ్మా అన్నాను. "ఆయన ఒక్కడికేనా?" ఒక్కడికే. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మ ఎందుకు అలా అయిపోయిందో నాకు తెలుసు. మా విచారణలో, అంటే మా ఊరి గుళ్ళో, ముప్పై ఏళ్ళుగా పీఠం అలంకరణ అమ్మదే. శనివారం సాయంత్రం చామంతులు, లిల్లీలు తెచ్చి, పీఠం గుడ్డ ఇస్త్రీ చేసి పరిచి, చివరికి పీఠం వెనకవైపుకి కూడా వెళ్ళి అక్కడి మడతలు సరిచేసేది. చిన్నప్పుడు నేను విసుక్కునేదాన్ని, అటువైపు జనానికి కనిపించదు కదా, పద ఇంటికెళ్దాం అని. "ఫాదర్ గారికి కనపడుతుంది, స్వామికి కనపడుతుంది" అనేది. ఫ్రా ఆంజెలికో చేసింది కూడా అదే పని. ఊరంతా మెచ్చుకోవాల్సిన పెద్దపీఠాలకి బంగారం వాడిన మనిషి, ఒక్క సన్యాసి తప్ప ఇంకెవరూ చూడని గదిలోనూ అంతే శ్రద్ధ పెట్టాడు. మామూలుగా బయటివాళ్ళకి ఈ గదుల్లోకి ప్రవేశం ఉండేది కాదు. 1869లో మ్యూజియం అయ్యాక కదా మనలాంటివాళ్ళు ఎక్కగలిగింది. నా పాత ప్రశ్నకి, ఇంత అందం ఎవరికోసం అన్నదానికి, నాకు అక్కడ దొరికిన జవాబు ఈ గదులే. ఇది గొప్ప చూపించుకోవడానికి పెట్టిన అందం కాదు, జపమాలలాగా వాడుకునే వస్తువు. ఒక మనిషి తెల్లవారుజామున లేచి దీన్ని చూసి ప్రార్థన మొదలుపెట్టాలి, అందుకని వేశారు.

కొత్తగా చేరిన కుర్రాళ్ళ గదులు ఇంకో వసారాలో ఉంటాయి. అన్నిటిలోనూ సిలువ, దాని పాదాల దగ్గర పునీత దోమినిక్, ఒక్కో గదిలో ఒక్కో భంగిమ. ఒకచోట మోకాళ్ళమీద, ఒకచోట సిలువని వాటేసుకుని, ఒకచోట ముఖం కప్పుకుని, ఒకచోట చేతులు చాచి. దోమినిక్ శరీరంతో ఎన్ని విధాల ప్రార్థించేవాడో ఆ సభలో ఒక సంప్రదాయం ఉంది, దాన్ని కుర్రాళ్ళకి గోడమీద బొమ్మలతో నేర్పారు. చేతులు చాచిన బొమ్మ చూసి అమ్మ వెంటనే పోల్చుకుంది, తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు నలభై రోజులు) మనమూ ఇలాగే చేస్తాం కదా అని.

చివరన సావొనరోలా ఉన్న గదులు. ఈయన ఇదే మఠానికి పెద్దగా ఉన్నాడు, గొప్ప ప్రసంగీకుడు. 1497లో ఊళ్ళో జనం చేత అద్దాలు, నగలు, చిత్రాలు, ఆడంబరమనిపించిన ప్రతిదీ తెప్పించి ఊరి మధ్య పెద్ద కూడలిలో (పియాజ్జా దెల్ల సిన్యోరియా) కాల్పించాడు. మరుసటి ఏడాది 1498 మే 23న అదే కూడలిలో ఆయన్నే ఉరితీసి కాల్చారు. ఆయన వాడిన వస్త్రం అక్కడ పెట్టారు. గోడమీద ఇంత ప్రార్థన నింపిన ఇంట్లోనే అందాన్ని అంత అనుమానించిన మనిషి కూడా పడుకున్నాడంటే, ఈ గొడవ మన సభలో ఎంత పాతదో! ఆయన మాటల ప్రభావంతో తన చిత్రాలు కొన్ని తగలబెట్టుకుని, దోమినికన్ సన్యాసి అయి ఈ మఠంలో ఉన్న చిత్రకారుడు ఫ్రా బర్తొలొమేయో, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ కుంచె పట్టుకున్నాడు. సావొనరోలా ముఖచిత్రం వేసింది ఆయనే.

కొసీమో తన కోసం కట్టించుకున్న గది కూడా చూడండి, అందరికీ ఒక గదైతే ఆయనకి రెండు, గోడమీద ముగ్గురు జ్ఞానులు కానుకలు తెచ్చిన చిత్రం. డబ్బున్నవాడికి ఏ చిత్రం పెట్టాలో బాగా ఆలోచించి పెట్టారు.

మికెలొజ్జో కట్టిన గ్రంథాలయం వదలొద్దు. రెండు వరసల సన్నటి స్తంభాలు, పొడుగాటి ప్రశాంతమైన గది. అద్దాల పెట్టెల్లో చేత్తో రాసిన పాటల పుస్తకాలున్నాయి, ఒక్కోటీ ఇద్దరు మోస్తే తప్ప కదలవేమో అన్నంత పెద్దవి, ఎందుకంటే గాయకబృందం అంతా దూరం నుంచి ఒకే పుస్తకం చూసి పాడాలి. అక్షరం చుట్టూ ఆకులు, తీగలు, లోపల చిన్న చిన్న పునీతులు. అమ్మ గుళ్ళో పాటలు పాడే మనిషి, చేత్తో రాసుకున్న పాటల నోటుపుస్తకం ఆమెకీ ఒకటుంది, ప్రతి పాట మొదటి అక్షరం ఎర్ర ఇంకుతో రాసుకుంటుంది. అద్దం మీదకి వంగి "మొదటక్షరం వీళ్ళూ ఎర్రగానే రాశారు చూడు" అని నాకు చూపించింది.

నాకు లోటనిపించింది ఒక్కటే, అది మ్యూజియం తప్పు కూడా కాదు. ఇవి ప్రార్థన కోసం వేసిన గదులు, ఇప్పుడు ఇక్కడ కొవ్వొత్తి వెలిగించే చోటు లేదు, మోకరించడానికి మొహమాటం. అమ్మ సంచిలో కొవ్వొత్తులు తెచ్చుకుంది, గుణదలలో వెలిగించాల్సినవి. ఈ వెలితి తీరాలంటే బయటికొచ్చాక పక్కనే ఉన్న సాన్ మార్కో గుడికి వెళ్ళండి. అది ఇప్పటికీ గుడే. ఈ మఠానికి పెద్దగా ఉండి తర్వాత ఫ్లోరెన్స్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) అయిన పునీత ఆంతోనినో దేహం అందులో ఉంది. మేం వెనక బల్లలో అరగంట కూర్చున్నాం. అమ్మ మోకరించింది, నేనూ మోకరించాను.

మ్యూజియం షాపులో పుస్తకాలు బావున్నాయి కానీ బరువు, మేం పోస్టుకార్డులు కొనుక్కున్నాం. నేను ఏడో గదిది, అమ్మ మెట్లమీది మంగళవార్త. రైల్లో ఆ కార్డు నా చేతికిచ్చి, ఆ కింద ఉన్న మాట తెలుగులో రాసిపెట్టమంది. నేను కార్డు కింద తెల్ల కాగితం అంటించి రాశాను, ఆమె చదివి, "దాటిపోకుండా" అనే మాట ఇంకొంచెం పెద్దక్షరాలతో రాయమంటే మళ్ళీ రాశాను. ఇప్పుడది గుంటూరు ఇంట్లో వంటగది గుమ్మం పక్కన ఉంది. వీడియో కాల్‌లో ఫోన్ బల్లమీద ఆనించి ఆమె లోపలికీ బయటికీ తిరుగుతుంటే, గుమ్మం దగ్గర మాట మధ్యలో ఆపుతుంది. నేను ఇటు పాపని ఆడిస్తూ ఆగుతాను.